మిడిల్ స్కూల్ క్లబ్బు ఏడాదంతా నడవాలంటే: మొదటి వారం నుంచి తాళంచెవి అప్పగించేదాకా

మొదటి సమావేశానికి నలభై రెండు మంది వచ్చారు. కుర్చీలు చాలక కొందరు కిటికీ గట్ల మీద కూర్చున్నారు. ఏడో వారానికి ముగ్గురు మిగిలారు. అందులో ఒకడు తన బస్సు వచ్చేదాకా కాలక్షేపానికి వచ్చినవాడు. నేను మొట్టమొదట నడిపిన సైన్స్ క్లబ్బు కథ ఇది. తప్పు పిల్లలది కాదు. ఏడు వారాలూ నేనే మాట్లాడాను, వాళ్ళు విన్నారు. బడి అయిపోయాక ఇంకో పీరియడ్ పెట్టి, దానికి క్లబ్బు అని పేరు తగిలించానన్నమాట.

ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు సైన్స్, లెక్కలు, చదరంగం, గోడపత్రిక అంటూ రకరకాల క్లబ్బులు నడిపాను. ప్రతిసారీ ఒకే సంగతి కనిపించింది. ఆరంభశూరత్వం అన్ని క్లబ్బులకీ ఉంటుంది, కాబట్టి మొదటి రోజు హాజరు చూసి మురిసిపోవడానికేమీ లేదు. క్లబ్బు నిలుస్తుందో లేదో ఆరు, ఏడు వారాల దగ్గర తేలుతుంది. అప్పటికి ప్రతి పిల్లాడి చేతిలో తనదంటూ ఒక పని ఉండాలి, ఆ పని పూర్తవడానికి దగ్గర్లో ఒక తేదీ ఉండాలి. కింద రాసినదంతా ఈ రెండింటినీ కుదర్చడం గురించే.

6, 7, 8 తరగతుల పిల్లలంటే సుమారుగా 11 నుంచి 14 ఏళ్ళవాళ్ళు. చెప్పింది చెప్పినట్టు చేసే వయసు దాటిపోయింది. ఆరు నెలలపాటు ఒకే ప్రాజెక్టును మోసే ఓపిక ఇంకా రాలేదు. ఈ రెండింటి మధ్యనున్న వయసుకు మూడు నాలుగు వారాల్లో అయిపోయే పనులే సరిపోతాయి.

మొదటి మెట్టు: వారాలు లెక్కపెట్టండి

ఏ క్లబ్బు పెట్టాలో ఆలోచించకముందే క్యాలెండర్ ముందు పెట్టుకోండి. మీ బడి సంవత్సరం జనవరిలో మొదలైనా, జూన్‌లో మొదలైనా, సెప్టెంబరులో మొదలైనా లెక్క ఒకటే. ఉదాహరణకు బడి నడిచే వారాలు 36 అనుకుందాం. మొదటి రెండు వారాలు తరగతులు కుదురుకోవడానికే పోతాయి. పరీక్షలకు నాలుగు, సెలవులకు ముందూ వెనకా రెండు, ఏడాది చివర రెండు తీసేయండి. వానో, టీచరు సెలవో, గది ఖాళీ లేకపోవడమో ఏదో ఒకటి రాక మానదు, దానికింకో రెండు. మిగిలినవి 24.

వారానికొకసారి గంట చొప్పున కలిస్తే ఏడాదికి మీ చేతికొచ్చేది 24 గంటలు, అంటే సరిగ్గా ఒక రోజు. ఈ లెక్క వేసుకోని క్లబ్బులు మొదటి నెలలో చేటభారతమంత ప్రణాళిక రాసుకుని, మూడో నెలకే చేతులెత్తేస్తాయి. నేను ఆ 24 సమావేశాలను ఆరు ముక్కలు చేస్తాను, ఒక్కోదానికి నాలుగు సమావేశాలు. ప్రతి ముక్క చివరా బయటివాళ్ళకు చూపించగల వస్తువో, ఆటో, లెక్కో ఒకటి ఉండాలి. అది గోడకు అంటించిన ఒక్క కాగితమైనా చాలు.

రెండో మెట్టు: ఏ క్లబ్బు?

"మీకు ఏ క్లబ్బు కావాలి?" అని అడగకండి. పక్కన కూర్చున్న స్నేహితుడు ఏది రాస్తే అదే రాస్తారు. నేను వాడే ప్రశ్నలు రెండు. "ఎవరూ చెప్పకుండా ఈ నెలలో నువ్వు చేసిన పని ఏమిటి?" "ఎవరైనా నేర్పితే బావుండునని నువ్వు అనుకుంటున్నది ఏమిటి?" పేరు రాయనక్కర లేదని చెప్పి చీటీలు వేయించండి. ఒకసారి ఇలా అడిగితే పదకొండు చీటీల్లో ఏదో ఒక వస్తువు విప్పి చూశామని వచ్చింది. గడియారం, టార్చిలైటు, రిమోట్, ఒకడైతే తాళం. పాడైపోయిన వస్తువులు విప్పి, లోపల ఏముందో బొమ్మ గీసే క్లబ్బు అలా పుట్టింది. గోడకు కలిపే వైరున్నవీ, పాత టీవీలూ మాత్రం ముట్టుకోనివ్వలేదు. వాటిలోని కెపాసిటర్లు, అంటే కరెంటును నిలవ ఉంచుకునే భాగాలు, వైరు పీకేశాక కూడా షాక్ కొట్టగలవు.

క్లబ్బుల సంఖ్య పెంచుకుంటూ పోకండి. క్లబ్బుకు ఇద్దరు చొప్పున నడిపించే పెద్దలు ఎన్నింటికి సరిపోతారో అన్నే క్లబ్బులు. పన్నెండు పేర్లు నోటీసు బోర్డు మీద ఉండి నాలుగే కలుస్తుంటే ఆ నాలుగు పేర్లే ఉంచడం మర్యాద. ఒక క్లబ్బుకు 12 నుంచి 20 మంది నాకు అనువుగా అనిపించిన సంఖ్య. ఎనిమిది కంటే తగ్గితే ఇద్దరు రాని రోజున గది బోసిపోతుంది. పాతిక దాటితే వెనక వరసలో మరో క్లబ్బు తయారవుతుంది.

మూడో మెట్టు: అనుమతి, గది, బీరువా

ప్రధానోపాధ్యాయుల దగ్గరికి ఒకే పేజీ తీసుకెళ్ళండి: రోజు, సమయం, గది, బాధ్యత వహించే ఇద్దరు పెద్దలు, పిల్లలు ఇంటికెలా వెళ్తారు. ఆ చివరిదే అన్నిటికంటే ముఖ్యం, అన్నిటికంటే ముందు మరచిపోయేదీ అదే. ఒక్క టీచరే ఉంటే ఆయనకు జ్వరం వచ్చిన రోజున క్లబ్బుకూ జ్వరమే, అందుకే ఇద్దరు.

తల్లిదండ్రుల సంతకం తీసుకునే కాగితంలో ఫోటోల సంగతి విడిగా అడగండి. బయటికి తీసుకెళ్ళే అనుమతి ఒకటి, పిల్లల ఫోటో బయటపెట్టే అనుమతి మరొకటి. చాలా సామాజిక మాధ్యమాలు 13 ఏళ్ళు నిండనివాళ్ళకు ఖాతా ఇవ్వవు కాబట్టి, క్లబ్బు కబుర్లు పిల్లల ఫోన్ల మీద నడిపించే ఆలోచన ఈ వయసుకు పనికిరాదు. నోటీసు బోర్డు ఉండగా బెంగెందుకు?

తాళం వేసుకోగల బీరువా అర ఒకటి సంపాదించండి. సగం చేసిన పనిని దాచుకునే చోటు లేకపోతే ప్రతి వారం మొదటికొస్తుంది.

నాలుగో మెట్టు: మొదటి సమావేశం

మొదటి సమావేశంలో నియమాలు చదవొద్దు, లక్ష్యాలు చెప్పొద్దు, పరిచయాలు కూడా తర్వాతే. పిల్లలు లోపలికొచ్చిన ఐదు నిమిషాలకు చేతులు పనిలో ఉండాలి. నా సైన్స్ క్లబ్బులో ఏం చేస్తానో చెబుతాను.

బల్లల మీద దారపు ముక్కలు, నట్లు, స్కేళ్ళు పెట్టి ఉంచుతాను. నలుగురేసి పిల్లలు దారానికి నట్టు కట్టి, కట్టిన చోటి నుంచి నట్టు మధ్య వరకు 25 సెంటీమీటర్లు కొలిచి లోలకంలా వేలాడదీస్తారు. కొంచెం పక్కకు లాగి వదిలి, పదిసార్లు అటూ ఇటూ ఊగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూస్తారు. సుమారు 10 సెకన్లు వస్తుంది. ఇప్పుడు ప్రశ్న: దారం నాలుగు రెట్లు పెంచి ఒక మీటరు చేస్తే ఎంత పడుతుంది? చేతులెత్తమంటే గది మొత్తం 40 సెకన్లకే ఓటేస్తుంది. అప్పుడు ఒకరు బల్ల ఎక్కి పట్టుకోవాలి, ఒకరు లెక్కపెట్టాలి, ఒకరు గడియారం చూడాలి, ఒకరు రాయాలి. 20 సెకన్లే వస్తుంది. "మాస్టారూ, గడియారం ఆగిపోయింది" అంటారు. మళ్ళీ చేస్తారు. మళ్ళీ 20. నట్టు బరువు తక్కువైందని రెండు నట్లు కడతారు. అప్పుడూ 20.

ఎందుకో ఆ రోజు చెప్పను. నాలుగు రెట్ల పొడవుకు రెండు రెట్ల కాలమైతే, మూడు రెట్ల కాలానికి ఎంత పొడవు కావాలో కనుక్కుని రమ్మంటాను. సమాధానం తొమ్మిది రెట్లు, అంటే 225 సెంటీమీటర్ల దారం. దానికి బల్ల చాలదు, మెట్ల దగ్గరికి వెళ్ళాలి. రెండో వారం సమావేశం మెట్ల దగ్గరే.

మీది ఏ క్లబ్బయినా సరే, మొదటి రోజుకు ఇలాంటిది ఒకటి వెతికిపెట్టుకోండి: పది నిమిషాల్లో అయిపోవాలి, అందరి అంచనా తప్పాలి, వచ్చేవారానికి ఒక ముడి మిగలాలి.

ఐదో మెట్టు: పదవులు కాదు, పనులు

అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి అంటూ ఎన్నికలు పెడితే ఏమవుతుందో ఒకసారి చూశాను. తరగతిలో ఎవరికి స్నేహితులు ఎక్కువో వాళ్ళు గెలిచారు, గెలిచాక వాళ్ళకు చేయడానికి పనేమీ లేదు, ఓడినవాళ్ళు మర్నాటి నుంచి రాలేదు. ఇప్పుడు పదవులు లేవు. పనులున్నాయి, నాలుగు వారాలకొకసారి చేతులు మారతాయి.

తలుపు తీసి సామాను బయటపెట్టేవాళ్ళు ఇద్దరు. జరిగింది అరపేజీలో రాసేవారు ఒకరు. సమయం చూసి "ఇంకా పది నిమిషాలు" అని అరిచేవారు ఒకరు. ఈ పని కోసం పోటీ ఎంతుంటుందో మీరు నమ్మరు. వచ్చేవారానికి ఏం కావాలో జాబితా రాసేవారు ఒకరు. కొత్తగా వచ్చినవాళ్ళను, ఒక వారం మానేసి వచ్చినవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవారు ఒకరు. చివరి పని ఎప్పుడూ కాస్త నెమ్మదిగా ఉండే పిల్లకివ్వండి, గొంతు పెద్దదున్నవాడికి కాదు.

1992లో రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు యునిసెఫ్ కోసం పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించాడు. కింది మూడు మెట్లు అసలు భాగస్వామ్యమే కాదంటాడు: పిల్లల్ని వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, మొక్కుబడికి ఒక మాట అడగడం. అతిథి వచ్చిన రోజు పూలగుత్తి పట్టుకుని వరసలో నిలబడే క్లబ్బు ఆ రెండో మెట్టు మీదున్నట్టే. పై మెట్లలో పిల్లలే పని మొదలుపెడతారు, నిర్ణయాల్లో పెద్దలను కలుపుకుంటారు. మొదటి నెలలో అంత పైకి ఎక్కించాలని చూడకండి. మొదటి ముక్కలో మీరు మూడు పనులు చెప్పి ఒకటి ఎంచుకోమనండి. మూడో ముక్కకు వాళ్ళనే మూడు తెమ్మనండి. ఐదో ముక్కకు మీరు వెనక బల్ల మీద కూర్చుని నోరు మూసుకోవడం సాధన చేయండి. నాకైతే ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని ఇదే.

ఆరో మెట్టు: ఆ గంట

మొదటి ఐదు నిమిషాలు పోయినవారం అరపేజీ చదవడం. తర్వాత నలభై నిమిషాలు పని. తర్వాత పది నిమిషాలు ఎవరేం చేశారో చూపించుకోవడం, ఐదు నిమిషాలు సర్దడం. సర్దడం వాళ్ళే చేయాలి. మీరు జాలిపడి చీపురు పట్టుకున్నారో, ఏడాదంతా మీ చేతిలోనే ఉంటుంది.

ఏడో మెట్టు: ఏడాదిని తేదీలకు కట్టండి

ఆరు ముక్కల చివరా తేదీ కావాలన్నాను కదా. ప్రపంచమంతా జరుపుకునే రోజులు ఇందుకు బాగా పనికొస్తాయి, ఎందుకంటే వాటిని వాయిదా వేయడం ఎవరి చేతిలోనూ లేదు.

ప్రపంచ అంతరిక్ష వారం అక్టోబరు 4 నుంచి 10 వరకు. 1957 అక్టోబరు 4న మొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ పైకెళ్ళింది, 1967 అక్టోబరు 10న అంతరిక్ష ఒప్పందం అమల్లోకి వచ్చింది, అందుకే ఆ రెండు తేదీలు. సైన్స్ క్లబ్బుకు దీన్ని మించిన గడువు లేదు. నవంబరు 20 బాలల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్య సమితి 1989లో ఆమోదించిన రోజు, వక్తృత్వ క్లబ్బుకూ పత్రికకూ బాగుంటుంది. ఆ ఒడంబడిక 15వ అధికరణం పిల్లలకు సంఘాలుగా ఏర్పడే హక్కునే ఇచ్చింది. క్లబ్బు పిల్లలకు అది చదివి వినిపిస్తే కాసేపు భుజాలు పైకి లేస్తాయి. ఫిబ్రవరి 21 అంతర్జాతీయ మాతృభాషా దినం. మార్చి 14ను అంతర్జాతీయ గణిత దినంగా యునెస్కో 2019లో ప్రకటించింది. మార్చి 22 ప్రపంచ జల దినం, 1993 నుంచి జరుగుతోంది. ఏప్రిల్ 23 పుస్తక దినం. జులై 20 చదరంగ దినం, అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1924లో పారిస్‌లో పుట్టిన రోజు.

ఇన్ని చెప్పానని అన్నీ చేయబోకండి. ఒక క్లబ్బుకు రెండు తేదీలు చాలు, మిగతా నాలుగు ముక్కలకు బడిలోని సందర్భాలే వాడుకోండి. దినోత్సవం జరిపిన తర్వాతి వారం సమావేశం తప్పనిసరిగా పెట్టండి. పండగ మర్నాడు ఇల్లు ఎలా ఉంటుందో క్లబ్బూ అలాగే ఉంటుంది, అప్పుడు ఒక వారం మానేస్తే తిరిగి కూడగట్టడానికి మూడు వారాలు పడుతుంది.

ఎనిమిదో మెట్టు: ఏం చేయించాలి

పర్యావరణ క్లబ్బంటే మొక్కలు నాటి ఫోటో దిగడమని స్థిరపడిపోయింది. దానికంటే బడిలో కారే కుళాయి ఒకటి వెతకమనండి. కింద కొలత గ్లాసు పెట్టి పది నిమిషాలు ఆగాలి. ఎన్ని మిల్లీలీటర్లు పడ్డాయో దాన్ని 144తో హెచ్చవేస్తే ఒక రోజు లెక్క. పది నిమిషాల్లో 30 మిల్లీలీటర్లు పడితే రోజుకు 4,320, అంటే నాలుగు లీటర్ల పైచిలుకు. బడిలోని కుళాయిలన్నీ పంచుకుని కొలిచి, పటం గీసి, ఏ కుళాయి ఎంత కారుతోందో రాసి ఆఫీసుకు ఇవ్వాలి. మేమిలా చేసినప్పుడు వారంలో ప్లంబర్ వచ్చాడు. ఆయన మార్చిన పాత వాషర్లను పిల్లలు అట్ట మీద వరసగా అంటించి దాచుకున్నారు. అలాగే ఐదు రోజులపాటు చెత్తబుట్టలను కాగితం, ప్లాస్టిక్, తిండి, ఇతరాలు అని వేరుచేసి తూచడం కూడా మంచి పని. చేతులకు గ్లౌజులు మాత్రం ఉండాలి.

పక్షుల లెక్కింపు ఎవరైనా చేయొచ్చు. 1998లో మొదలైన గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఇప్పుడు ప్రపంచమంతటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరుగుతుంది. కనీసం 15 నిమిషాలు చూసి లెక్క పంపితే చాలు. నేను మొదటిసారి ముప్పై మందిని ఒకే గుంపుగా మైదానంలోకి తీసుకెళ్ళాను. పక్షి అనేది కనిపిస్తే ఒట్టు! ఇప్పుడు ముగ్గురేసి పంపుతాను: ఒకరు చూస్తారు, ఒకరు రాస్తారు, ఒకరు గడియారం. మా బడి పట్టికలో ఒక జాతివి ఒకేసారి ఎన్ని కనిపించాయో అందులో పెద్ద సంఖ్యే రాయిస్తాను. దాంతో అదే పక్షి రెండుసార్లు లెక్కలోకి రాదు. పేరు తెలియకపోతే ఊహించి రాయొద్దు, ముక్కు ఎలా ఉంది, తోక ఎంత పొడవు, ఎక్కడ వాలింది అని రాయమనండి. నెలకొకసారి అదే చోట, అదే సమయానికి చేస్తే ఏడాది చివరికి చేతిలో మిగిలే పట్టిక నిజంగా వాళ్ళ సొంతం. అలాంటిది ఇంకెక్కడా దొరకదు.

లెక్కల క్లబ్బుకు వచ్చేవాళ్ళలో సగం మంది అమ్మానాన్నలు పంపితే వచ్చినవాళ్ళు. వాళ్ళ ముందు మళ్ళీ లెక్కలు పెట్టకండి. నది నాలుగు నేల ముక్కలుగా విడదీసిన కోనిగ్స్‌బర్గ్ పట్నంలోని ఏడు వంతెనల బొమ్మ గీయండి. ఒక్కో వంతెననూ ఒక్కసారి మాత్రమే దాటుతూ అన్నింటినీ దాటి రావాలి. ఇరవై నిమిషాలు పెన్సిళ్ళు అరిగిపోతాయి. "అసలు కుదరదేమో సార్" అని ఎవరో ఒకరు విసుక్కుంటారు. ఆ విసుగు కోసమే ఎదురుచూడాలి. కుదరదని ఎలా నిరూపిస్తావు? ఒక్కో నేల ముక్కకు ఎన్ని వంతెనలు తగులుతున్నాయో లెక్కపెట్టమనండి: 5, 3, 3, 3. నాలుగూ బేసి. మధ్యలో దాటిపోయే చోటికి వచ్చే దారి ఒకటుంటే పోయే దారి ఒకటుండాలి, అంటే సరి సంఖ్య కావాలి. బేసి ఉండగలిగేది మొదలుపెట్టిన చోటా ఆగిన చోటా మాత్రమే. 18వ శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ చెప్పింది ఇదే. మాకు ఈ మాటను ఆరో తరగతి పిల్ల తన మాటల్లో చెప్పింది: "మధ్యలో గదికి రెండు తలుపులు కావాలి సార్, లేకపోతే ఇరుక్కుపోతాం."

చదరంగం క్లబ్బులో బోర్డులు ఉంటే పనైపోయిందనుకుంటారు. పోటీ ఎలా పెట్టాలన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. 16 మందికి నాకౌట్ పెడితే 15 ఆటల్లో అయిపోతుంది గానీ మొదటి రోజే ఎనిమిది మంది ఇంటికి. ఎవరికి ఆట ఎక్కువ కావాలో వాళ్ళే ముందు పోతారు. అందరితో అందరూ ఆడాలంటే 120 ఆటలు, వారానికొక రౌండు చొప్పున పదిహేను వారాలు పడుతుంది. స్విస్ పద్ధతి దీనికి విరుగుడు. 1895లో జ్యూరిక్‌లో మొదటిసారి వాడారు కాబట్టి ఆ పేరు. గెలుపుకు 1, డ్రాకు అర, ఓటమికి 0. ప్రతి రౌండులో సమానమైన పాయింట్లున్నవాళ్ళను కలపాలి, ఒకసారి ఆడిన జోడీని మళ్ళీ కలపకూడదు. 16 మందికి నాలుగు లేదా ఐదు రౌండ్లు చాలు. ఓడినవాడికి తర్వాతి ఆటలో తనలాంటివాడే ఎదురవుతాడు, చివరి రౌండుదాకా అందరూ గదిలోనే ఉంటారు. జోడీలు వేసే పని పిల్లలకే అప్పగించండి. చదరంగం అంతగా రాకపోయినా ఈ లెక్కలో ఆరితేరిన పిల్లలు మా దగ్గర ఇద్దరు తయారయ్యారు.

పత్రిక క్లబ్బుకు మొదటి సంచిక ఒక్క ఏ4 కాగితం. దాన్ని మడతలు పెట్టి ఎనిమిది గడులు చేసి, మధ్య మడత మీద రెండు గడుల పొడవున ఒక్క కత్తెర గాటు పెట్టి మడిస్తే ఎనిమిది పేజీల చిన్న పుస్తకం వస్తుంది. పిన్ను అక్కర్లేదు, ఒకవైపే జిరాక్స్ తీస్తే చాలు. తెరిచి చూస్తే సగం గడులు తలకిందులుగా ఉంటాయి కాబట్టి ముందు ఖాళీ కాగితం మడిచి పేజీ నంబర్లు వేసి చూసుకోవాలి. ఒక్కో పేజీ ఒక్కరిది. పిల్లల చేత "చెట్ల ఉపయోగాలు" రాయించకండి. అది చదివే వెర్రివాడు ఎవరూ లేరు, రాసినవాడితో సహా. బడి గంట కొట్టేదెవరు, పోయిన వస్తువుల పెట్టెలో ఈ నెల ఏమేం ఉన్నాయి, లైబ్రరీలో ఎక్కువ చిరిగిపోయిన పుస్తకం ఏది, అలాంటివి. మనిషి దగ్గరికి వెళ్ళి అడిగితే తప్ప రాయలేనిదే వార్త. మాట్లాడినవాళ్ళకు అచ్చుకు ముందు చూపించాలన్న నియమం ఒకటి పెట్టుకోండి, గొడవలు సగం తగ్గుతాయి.

వక్తృత్వ క్లబ్బులో ఒకే ఒక్క నియమం చాలు. ఎదుటివాడి మాటను ఖండించే ముందు దాన్ని నీ మాటల్లో చెప్పు, "అవును, నేనన్నది అదే" అని అతను ఒప్పుకున్నాకే నీ వంతు. ఏ పక్షమో బొమ్మా బొరుసు వేసి తేల్చండి.

కోడింగ్‌కు కంప్యూటర్లు తక్కువున్నాయని బెంగపడొద్దు. ఇద్దరికొకటే మేలు, ఒకరు కీబోర్డు దగ్గర, ఇంకొకరు పక్కన కూర్చుని దారి చెప్పడం, పది నిమిషాలకొకసారి మార్పు. అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం నుంచి 2007లో వచ్చిన స్క్రాచ్ అనే ప్రోగ్రామింగ్ సాధనం ఉచితం, 8 నుంచి 16 ఏళ్ళవాళ్ళను దృష్టిలో పెట్టుకుని చేసింది, ఇంటర్నెట్ లేకపోయినా దించుకుని వాడొచ్చు. నాటకం క్లబ్బు గురించి నాకు చెప్పేంత అనుభవం లేదు. లైట్లు, తెర, సామాను చూసుకునే పిల్లల పేర్లు కూడా నటుల పేర్లతో కలిపి చదవాలన్న ఒక్క మాట తప్ప.

తొమ్మిదో మెట్టు: ఆరో వారం, ఆ తర్వాత పరీక్షలు

ఆరో వారానికి హాజరు సగానికి పడితే కంగారు పడకండి. మానేసినవాళ్ళ వెంట పడొద్దు, మిగిలినవాళ్ళతో పని పూర్తిచేసి బయటపెట్టండి. కుళాయిల పటం గోడకెక్కిన మర్నాడు ఐదుగురు తిరిగొచ్చారు మాకు. వారం వారం తప్పక రావాలన్న నియమం ఈ వయసుకు పెద్దగా కుదరదు. ఆటల జట్టులో ఉన్న పిల్ల నెలకు రెండుసార్లే రాగలదు, ఆ రెండుసార్లకు సరిపడే పని ఆమెకు ఇవ్వాలి.

పరీక్షల ముందు వారం క్లబ్బు ఆపేస్తామని ముందే బోర్డు మీద రాయండి. తిరిగి ఏ రోజు మొదలో కూడా అదే కాగితం మీద ఉండాలి. "పరీక్షలయ్యాక చూద్దాం" అన్న క్లబ్బు మళ్ళీ కనిపించదు.

అరిచి, ఎగతాళి చేసి గదిని పాడుచేసేవాడు ఒకడు ప్రతి క్లబ్బులోనూ ఉంటాడు. వాణ్ణి గెంటేయకముందు ఒక్కసారి సమయం చూసే పని ఇచ్చి చూడండి. అయినా మారకపోతే విడిగా పిలిచి రెండు వారాలు రావొద్దని చెప్పండి, అందరి ముందూ వద్దు.

పదో మెట్టు: డబ్బు, సామాను

చందాలు వసూలు చేయకుండా నడిస్తే అంతకంటే హాయి లేదు. తప్పదనుకుంటే వచ్చిందీ పోయిందీ గోడ మీద అందరికీ కనిపించేలా ఒక కాగితం పెట్టండి, ఎనిమిదో తరగతి పిల్ల ఒకరు రాయాలి, పెద్దవాళ్ళు ఒకరు సంతకం పెట్టాలి. నిప్పు, యాసిడ్, కత్తి ఉన్న పని ఏదైనా ముందురోజు మీరొక్కరే చేసి చూసుకోండి. ఎండ మీద పని పెట్టుకుంటే నీడలనే కొలవాలి, సూర్యుణ్ణి నేరుగా చూడనివ్వకూడదు. మామూలు నల్లకళ్ళద్దాలు దానికి చాలవు.

చివరి మెట్టు: అప్పగింత

ఏడాది చివర వేదిక, మైకు, ముఖ్య అతిథి వద్దనే అంటాను. ఒక గదిలో బల్లలు వేసి, ఒక్కో బల్ల దగ్గర ఇద్దరు పిల్లలు నిలబడి, వచ్చినవాళ్ళచేత పని చేయించాలి. లోలకం దగ్గరికొచ్చిన నాన్నగారు కూడా 40 సెకన్లకే ఓటేస్తారు. తప్పని తేలినప్పుడు ఆయన పక్కన నిలబడిన కొడుకు ముఖం చూడాలి. బహుమతులు ఇవ్వాల్సి వస్తే మొదటి, రెండో స్థానాలు వద్దు, ఎవరు ఏ పని చేశారో ఆ పని పేరు రాసిన కాగితం ఇవ్వండి.

చివరి రెండు సమావేశాల్లో ఎనిమిదో తరగతివాళ్ళకు ఒక పని మిగులుతుంది. వచ్చే ఏడాది క్లబ్బుకు ఉత్తరం రాయాలి. ఏది బాగా నడిచింది, ఏది చెడింది, ఏ సామాను ఎక్కడుంది. మా బీరువాలో అలాంటివి కొన్ని ఉన్నాయి. ఒకదాంట్లో ఇలా ఉంది: "మీటరు దారం ఎర్ర డబ్బాలో ఉంది. పొడుగు దారం మెట్ల కమ్మీకే వదిలేశాం, విప్పకండి. సార్ మధ్యలో జవాబు చెప్పేయబోతే ఎవరైనా దగ్గండి."

ఆ ఉత్తరాన్ని తాళంచెవితో పాటు ఏడో తరగతి పిల్లల చేతికిస్తాం. తాళంచెవికి ఒక నట్టు కట్టి ఉంటుంది, పోకుండా.